మనిషి అనాలె, బొమ్మ అనొద్దు

నడిరోడ్డు మీద, వందల మంది చూస్తుండగా, ఒక శవాన్ని లేపిన ఘనత నాకుంది. నవ్వకండి. ఆ శవం రబ్బరుది, ఆ సంగతి ఒప్పుకుంటాను. దాన్ని శవం చేసింది కూడా నేనే. ఉద్యోగంలో చేసిన మంచి పనులేమిటి మేడం అని మీలాంటి పిల్లలు అడిగితే నాకు ఒక్కటీ గుర్తుకు రాదు. చేసిన ఎడ్డి పనులు మాత్రం నిన్న మొన్న జరిగినట్టే ఉంటాయి. అందులో అన్నిటికంటే పెద్దది చెప్తాను, వినండి.

ఆస్పత్రిలో ఊపిరి మిషన్ల దగ్గర ఇరవై ఏళ్లకు పైగా నర్సుగా చేసి, ఆ తర్వాత జగిత్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పాను. ఊపిరి ఆగినవాళ్లకు ఊపిరి అందించడం, గుండె ఆగితే ఛాతీ నొక్కి, షాకిచ్చి మళ్లీ నడిపించడం నా పాఠం. కాగితం మీద దానికి అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్ అని ఘనమైన పేరు. గదిలోకి వచ్చి చూస్తే ఉండేవి ఒక నిలువెత్తు రబ్బరు మనిషి, ఊపిరి కొట్టే రబ్బరు సంచీ ఒకటి, పాత ఇస్త్రీపెట్టెలు రెండు. ఇస్త్రీపెట్టెలు ఎందుకంటారా? షాకిచ్చే మిషన్ కొనమంటే మా యజమాని ప్రతి ఏడూ "వచ్చే ఏడు" అనేవాడు. ఇంక లాభం లేదని మా ఇంట్లో పాడైన ఇస్త్రీపెట్టె ఒకటి, పక్కింట్లోది ఒకటి తెచ్చి, వైర్లు కోసేసి, వాటినే ఛాతీ మీద పెట్టించేదాన్ని. షాకిచ్చే ముందు "అందరూ దూరం!" అని గట్టిగా అరవాలి, ఎవరి చెయ్యీ రోగికి తగలకూడదు. అరవడం నేర్పడానికి ఇస్త్రీపెట్టె చాలు.

ఆ యజమానికి సిరిసిల్లలో ఇంకో కాలేజీ ఉండేది. రెండు కాలేజీలకూ రబ్బరు మనిషి ఒక్కడే. పదిహేను రోజులు ఇక్కడ, పదిహేను రోజులు అక్కడ, ఇద్దరు పెళ్లాల మొగుడిలా తిరుగుతుండేవాడు పాపం.

నా క్లాసులో ఒక కట్టుబాటు ఉండేది. వాణ్ని ఎవరూ బొమ్మ అనకూడదు. మనిషి అనాలె. బొమ్మ అనుకుంటే చేతులు బొమ్మను ముట్టుకున్నట్టే ముట్టుకుంటాయి, రేపు ఆస్పత్రిలో నిజం మనిషి పడుకుని ఉన్నప్పుడు కూడా అట్లాగే ఆడుకుంటారు. అందుకని ఎవరైనా నోరు జారి "బొమ్మ" అన్నారో, అక్కడికక్కడే మోకాళ్ల మీద కూర్చుని వంద నొక్కులు నొక్కాలి. రెండు నెలలు తిరిగేసరికి పిల్లలకు అలవాటైపోయింది. "మేడం, మనిషిని గోడకు నిలబెట్టినం", "మేడం, మనిషి తలకాయ ఊడింది", "మేడం, మనిషి మీద బల్లి పడ్డది". కొత్తగా వచ్చిన అటెండరు ఈ మాటలు విని రెండు రోజులు నా గదిలోకి అడుగు పెట్టలేదు.

ఆ క్లాసులో రుద్రంగి నుంచి వచ్చిన పిల్ల ఒకతె ఉండేది. తండ్రి మస్కట్‌లో కూలి, తల్లి బీడీలు చేస్తుంది. పిల్ల కూడా చిన్నప్పటి నుంచి తల్లి పక్కన కూర్చుని బీడీలు చుట్టి, వేలికొసలతో మెత్తగా వాటి మూతులు ముడిచిందే. చదువులో చురుకు, సంచీతో ఊపిరి కొట్టడంలో క్లాసుకే మొదలు. ఛాతీ నొక్కమంటే మాత్రం, అయ్యో దేవుడా! సరిగ్గా రెండంగుళాలు దిగేటట్టు నొక్కితే మనిషి లోపలి నుంచి టక్కుమని చప్పుడు వస్తుంది. ఆ పిల్ల నొక్కితే ఏడాదిలో ఒక్కసారి కూడా టక్కు అనలేదు.

"ఏందే, బీడీ మూతి ముడుస్తున్నవా?" అని తిట్టేదాన్ని.

"దెబ్బ తాకుతది గద మేడం," అనేది.

మనిషి అనాలని నేనే నేర్పితిని, ఇంకేమనాలి? మొదటిసారి ప్రాక్టికల్ పరీక్షలో అందుకే తప్పింది. రెండోసారీ తప్పితే కోర్సు నుంచి పేరు తీసేస్తారు. కరీంనగర్‌లో ఒక ఆస్పత్రి వాళ్లు సర్టిఫికెట్ తెస్తే ఉద్యోగమిస్తామన్నారు. తేకపోతే ఆమె మళ్లీ బీడీల చేటను ఒళ్లో పెట్టుకోవలసిందే.

అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి వంటావార్పు, అంటే రోడ్డు మీదే పొయ్యి పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తిని, రోడ్డును కదలనివ్వకపోవడం. మేమూ కొంగులు బిగించి కూర్చున్నవాళ్లమే. నేను మెట్‌పల్లి ఆడపడుచును, నినాదం ఎత్తితే ఊరవతలికి వినపడేది. పరీక్ష రెండుసార్లు వాయిదా పడింది. మూడోసారికి హైదరాబాద్ నుంచి పరీక్షాధికారి ముందు రోజే జగిత్యాలలో దిగి, "రేపు రెండు గంటలకు మొదలుపెడతాను. బొమ్మ లేకపోతే అందరూ ఫెయిలే" అని ఫోన్ చేశాడు. ఆయన బొమ్మ అన్నాడు. వంద నొక్కులు ఆయనకు ఎవరు వేస్తారు?

మనిషేమో సిరిసిల్లలో ఉన్నాడు. నేనూ ముందు రోజే అక్కడికి వెళ్లి ఉన్నాను, రుద్రంగి పిల్లతో ఇంకొంచెం నొక్కించి చూద్దామని. పొద్దంతా నొక్కించినా టక్కు లేదు. తెల్లవారి నేను, పిల్ల, డ్రైవరు, వెనకాల మనిషి, నలుగురం జీపులో బయలుదేరాం. కరీంనగర్ రోడ్డు బందైందని తెలిసి రుద్రంగి మీదుగా కోరుట్ల వెళ్లి, అక్కడి నుంచి జగిత్యాల చేరుదామని డ్రైవరు బండి తిప్పాడు.

ఇక్కడ పెట్టె సంగతి చెప్పాలి. మనిషిని పెట్టి తిప్పడానికి ఇచ్చిన గుడ్డసంచీ ఎప్పుడో చిరిగిపోయింది. సిరిసిల్లలో వడ్లాయన, అంటే వడ్రంగి, ఒకరు ఆరడుగుల చెక్కపెట్టె చేసిచ్చాడు. పైన దుమ్ము పడకుండా అక్కడే నేసిన తెల్లబట్ట కప్పి, తాళ్లతో కట్టేవాళ్లం. మా దిక్కు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు, అక్కడ చనిపోయినవాళ్లు పెట్టెలోనే ఇల్లు చేరతారు. బండిలో పొడుగాటి పెట్టె, దాని మీద తెల్లబట్ట కనబడితే ఏమిటని మా దగ్గర చిన్నపిల్లలు కూడా అడగరు. నాకు తెలియదా? తెలుసు. కానీ లోపల ఉన్నవాడు నాకు రోజూ కనబడేవాడు కాబట్టి, పెట్టె బయటివాళ్లకు ఎట్లా కనబడుతుందో నా బుర్రకు తట్టలేదు.

రుద్రంగి దగ్గర రోడ్డుకు అడ్డంగా ముళ్లకంప, దాని వెనక పది మంది పిల్లగాండ్లు. ఒకడు జీపు వెనక్కి వెళ్లి తొంగి చూశాడు. నేను ముందు సీట్లో కూర్చుని గడియారం చూసుకుంటున్నాను. వెనకాల మాటలు సగం సగం వినబడుతున్నాయి.

"నువ్వు బీడీల చిన్నమ్మ బిడ్డవు గదా? ఏడికి పోతున్నరు?"

"జగిత్యాలకు."

"పెట్టెల ఏముంది?"

"మనిషి," అంది మా పిల్ల. అలవాటు.

ఒకడు తలకు కట్టుకున్న కండువా విప్పాడు. ఇంకొకడు ముళ్లకంపను కాళ్లతో, చేతులతో పక్కకు లాగేశాడు. "పో అన్నా, పో," అని డ్రైవరు భుజం తట్టాడు. మా బండి ఊరు దాటేదాకా వాళ్లు అట్లాగే నిలబడి ఉన్నారు.

ఊరు దాటాక డ్రైవరు పకపకా నవ్వాడు. "మేడం, వాళ్లు దుబాయి పెట్టె అనుకున్నరు!"

నాకూ నవ్వొచ్చింది. ఇంతసేపు ఎట్లా దాటాలిరా దేవుడా అనుకున్నదాన్ని, ఒక్క మాటతో దారి దొరికింది. పిల్ల మాత్రం నవ్వలేదు.

"మేడం, ఎన్కకు పోయి చెప్దామా? ఎవలనుకున్నరో ఏమో."

"రెండు గంటలకు ఎగ్జాము," అన్నాను. "అనుకోనియ్ తీ. అబద్ధమేం చెప్పలేదు గదా."

ఆ మాట నేనే అన్నాను. నా నోటితోనే. ఆ పిల్ల ఊళ్లో, ఆ పిల్ల పక్కన ఉన్న పెట్టెలో మనిషి అంటే వాళ్లు ఎవరనుకుంటారు? ఇంత వయసొచ్చి, ఇన్ని చావులు చూసి, ఆ చిన్న లెక్క నాకు అందలేదు. పిల్ల దగ్గర ఫోన్ లేదు. రుద్రంగి పిల్లగాండ్ల దగ్గర మాత్రం ఉన్నాయి.

కోరుట్లలో ఆ రోజు చుట్టుపక్కల ఊళ్ల బీడీ ఆడవాళ్ల వంటావార్పు. చౌరస్తా నిండా పొయ్యిలు, పెద్ద పెద్ద గిన్నెల్లో పప్పు, డప్పుల మోత, నినాదాలు. ఓ పక్కన పోలీసులు లాఠీలు పట్టుకుని రెండు గంటల నుంచి "జరగండి, జరగండి" అంటున్నారు, ఒక్కరూ జరగడం లేదు. మా జీపు కనబడగానే డప్పు ఆగింది. జనం తమంతట తామే రెండు వైపులా చీలారు. భలే, ఇక్కడ అడిగే పని కూడా లేకుండా పోయిందే అని నేను మనసులో మురిసిపోయాను, చూడండి నా తెలివి!

అప్పుడు ఆ దారి మధ్యలో నుంచి ఒకామె పరుగెత్తుకొచ్చింది. చేతులకు మోచేతి దాకా పసుపు, పప్పులో వేస్తూ వేస్తూ వచ్చినట్టుంది. చెప్పులు లేవు, కొంగు రోడ్డు మీద ఈడుస్తోంది. జీపు వెనకాల ఎక్కి పెట్టె మీద పడింది.

"గిట్లస్తివా? పండుగకస్తనంటివి గదయ్యా! గిట్లస్తివా?"

ఆమె మా పిల్ల తల్లి. రుద్రంగి నుంచి ఫోన్ వచ్చిందట, "చిన్నమ్మా, బాబాయి పెట్టె అస్తున్నది, నీ బిడ్డ ఎంబడున్నది" అని. "అమ్మా, ఇది..." అన్నాను, ఆమె ఏడుపులో అది కొట్టుకుపోయింది. వెంట్రుకలు లాక్కుంటూ పెట్టెను గుద్దుతున్న ఆ మనిషిని చూస్తూ, నన్నెవరైనా చెప్పుతో కొడితే బాగుండుననిపించింది. నిజంగా అనిపించింది.

పిల్ల తల్లిని వెనక నుంచి పట్టుకుని అరిచింది.

"అవ్వా! బాపు కాదే! బొమ్మ! బొమ్మనే అవ్వా, బొమ్మ!"

"మొకం సూపియ్యుండ్రి," అంది తల్లి. ఆమెకు ఏమీ వినబడడం లేదు.

డ్రైవరు తాళ్లు విప్పాడు. మూత తీశాడు. తల్లి చెయ్యి చాచి మనిషి ఛాతీ మీద పెట్టింది, తర్వాత వంగి ముఖం చూసింది. నోరు తెరుచుకుని, కళ్లార్పకుండా, ఆకాశం వైపు చూస్తున్నాడు మా వాడు. ఆమె మా పిల్లను చూసింది. మళ్లీ వాణ్ని చూసింది.

"ఫోన్ కలుపుండ్రి," అంది.

ఉద్యమం పిల్లల్లో పెద్దవాడిలా ఉన్న ఒకతను తన ఫోన్ ఇచ్చాడు. పిల్లే నంబరు నొక్కింది. చౌరస్తా అంతా గప్‌చుప్. అవతల ఫోన్ మోగడం మాకూ వినబడుతోంది. నాలుగైదు మోతల తర్వాత ఒక గొంతు చిరాగ్గా పలికింది.

"ఎవలు? డ్యూటీల ఉన్న."

ఆమె ఫోన్‌ను రెండు చేతులతో చెవికి అదుముకుంది. "నేనే. ఏం లేదు. తిన్నవా?" అంది.

"గిది అడుగుతానికి ఫోన్ జేసినవా?" అని ఆయన పెట్టేశాడు.

ఆమె ఫోన్ తిరిగిచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. జీపు దిగి నేరుగా నా ముందుకు వచ్చి నిలబడింది.

"నీకు మొగడున్నడా?"

"ఉన్నాడమ్మా."

"నీ మొగన్ని గిట్ల పెట్టెల పెట్టుకొని ఊర్లెంబడి తిప్పుతవా?"

ఆమె చేతులు పట్టుకుని, "తప్పయింది, నాదే తప్పు" అన్నాను. నా చేతులకు పసుపంటింది.

కానీ జనానికి అప్పటికే మండిపోయింది. మర్యాద ఇచ్చి డప్పు ఆపినవాళ్లు, కండువాలు తీసినవాళ్లు, కళ్లు తుడుచుకున్నవాళ్లు, అందరూ మోసపోయారు మరి. "బొమ్మ కోసం ఇంత నాటకమా!" అన్నారు ఒకరు. "బొమ్మే అయితె ఇంకేంది, దిష్టిబొమ్మ జేసి కాలవెట్టుండ్రి! మనకు పొద్దటి నుంచి అదే కావాలె!" అన్నారు ఇంకొకరు. కిరసనాయిలు సీసా ఎక్కడి నుంచో వచ్చింది. ఇద్దరు పిల్లగాండ్లు మా వాణ్ని చంకల కింద చేతులేసి లేపి రోడ్డు మీద పడుకోబెట్టారు. వాడితో పాటు రెండు కాలేజీల పిల్లల ఏడాది కాలిపోతుంది. మా రుద్రంగి పిల్ల ముఖం తెల్లబోయింది.

భయపడ్డప్పుడు మనిషి నోటికి అలవాటైన మాటే వస్తుంది. నాకూ అదే వచ్చింది. ముప్పై మంది పిల్లల మీద అరిచే గొంతుతో అరిచాను.

"ఏయ్ పిల్లా! బొమ్మ అన్నవు! మూడుసార్లు అన్నవు! మోకాళ్ల మీద కూర్చో, వంద నొక్కు!"

కిరసనాయిలు పట్టుకున్నవాడు ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. పిల్ల చున్నీ నడుముకు చుట్టుకుని రోడ్డు మీద మోకాళ్లూనింది. చెయ్యి మీద చెయ్యి వేసి నొక్కడం మొదలుపెట్టింది. చప్పుడు లేదు. పది, పదిహేను. చప్పుడు లేదు. బీడీ మూతే ముడుస్తోంది.

"గిదేం జేస్తున్నది?" అని తల్లి నన్ను అడిగింది.

"గుండె ఆగిన మనిషికి అట్లా నొక్కితే గుండె నడుస్తదమ్మా. గట్టిగా నొక్కాలె. మీ బిడ్డకు చెయ్యి రాదు."

ఆమె ఒక్క క్షణం చూసింది. బిడ్డ పక్కన కూలబడింది.

"గట్టిగ ఒత్తు బిడ్డా," అంది. "మీ బాపనుకొని ఒత్తు."

టక్.

నా జన్మలో అంత మంచి చప్పుడు వినలేదు. టక్, టక్, టక్. పిల్ల ఏడుస్తోంది, ఏడుస్తూనే ఒత్తుతోంది, భుజాలు నిటారుగా, మోచేతులు వంగకుండా, ఏడాదంతా నేను మొత్తుకున్నట్టే. డప్పులాయన చెవికి ఆ చప్పుడు పట్టింది. మెల్లగా డప్పు మీద అదే దెబ్బ అందుకున్నాడు. జనం లెక్క పెట్టడం మొదలుపెట్టారు. నలభై దాటాక ఎవరికీ కోపం గుర్తులేదు. వంద కాగానే ఇంకో పది మంది ఆడవాళ్లు, "నేనొత్తుత, నేనొత్తుత" అని ముందుకొచ్చారు. పప్పు మాడుతున్న వాసన వస్తోంది, ఎవరూ లేవలేదు.

నాకు గడియారం గుర్తొచ్చింది. మనిషి కాళ్ల దగ్గర పెట్టి తెచ్చిన ఇస్త్రీపెట్టెలను పెట్టెలో నుంచి తీశాను. రెంటినీ మనిషి ఛాతీ మీద ఆనించి, మెట్‌పల్లి గొంతు ఎత్తాను.

"షాక్! కరెంటు షాక్! అందరూ దూరం! రోడ్డు దిగుండ్రి!"

చౌరస్తా మొత్తం ఎగిరి అవతల పడింది. లాఠీలకు రెండు గంటల నుంచి జరగని జనం, వైర్లు లేని ఇస్త్రీపెట్టెకు జరిగారు. పోలీసులు కూడా జరిగారు. డ్రైవరు ఎంత గట్టివాడంటే, అప్పటికే జీపు స్టార్టు చేసి ఉన్నాడు. ఫోన్ ఇచ్చినతను వైరు కోసేసిన చోటు చూసి నవ్వు ఆపుకోలేక, "పోనియ్యుండ్రి, పిల్ల పరీక్షకు పోతున్నది," అని తనే వాణ్ని పెట్టెలోకి ఎత్తించాడు. తల్లి జీపు పక్కన నడుస్తూ బిడ్డకు ఒక ముద్ద పప్పన్నం తినిపించింది. నాకు పెట్టలేదు.

మూడు గంటలకు జగిత్యాల చేరాం. క్లాసంతా కాళ్లావేళ్లా పడితే గంట ఆగాడట, పరీక్షాధికారి వరండాలో పచార్లు చేస్తున్నాడు.

"బొమ్మ ఏది?"

"మనిషి సార్!" అని క్లాసు మొత్తం ఒకే గొంతుతో అరిచింది.

పెట్టె తెరిచి చూసి ఆయన ముఖం చిట్లించాడు. ఛాతీ మీద ఐదు వేళ్లతో సహా పసుపు అచ్చు పడి ఉంది.

"ఏమిటిది?"

"వాళ్లింటివాళ్లు వచ్చి చూసిపోయారు సార్," అన్నాను.

మా పిల్ల రోడ్డు మీద నొక్కినట్టే నొక్కింది. ఒక్క దెబ్బ తప్పలేదు. ఆయన ముప్పై దాకా విని, చాలమ్మా అన్నాడు. ఆమె వినిపించుకోలేదు, ఊపిరి రెండు కొట్టి మళ్లీ అందుకుంది. చివరికి చేతులు పట్టుకుని లేపాం. పాసైంది. ఆ నెలలోనే కరీంనగర్‌లో చేరింది.

పసుపు అచ్చు మాత్రం ఎంత కడిగినా పోలేదు. "అచ్చుకు రెండు వేళ్లు పక్కన నొక్కాలె" అని తర్వాతి పిల్లలకు పాఠం చెప్పుకునేదాన్ని. కట్టుబాటును కూడా కొంచెం సవరించాను. క్లాసులో ఉన్నంతసేపు మనిషి. గేటు దాటితే బొమ్మ. గేటు దాటాక ఎవరైనా మనిషి అంటే, వాళ్లకు రెండు వందల నొక్కులు.

కొన్నాళ్లకు ఆ తల్లి మా కాలేజీకి వచ్చింది. వెంట ఎండకు కమిలి నల్లబడ్డ ఒక సన్నటి మనిషి, చేతిలో ఖర్జూరం డబ్బా. మస్కట్ నుంచి సెలవు మీద వచ్చాడట. ఆమె నన్ను పలకరించను కూడా పలకరించకుండా నేరుగా గదిలోకి తీసుకెళ్లి మా వాణ్ని చూపించింది.

"ఇగో, నువ్వు సచ్చినప్పుడు నేను గీని మీదనే పడి ఏడ్చిన."

ఆయన వంగి చాలాసేపు చూశాడు. పసుపు అచ్చు మీద తన చెయ్యి పెట్టి చూసుకున్నాడు. తర్వాత పెళ్లాం వైపు తిరిగాడు.

"నాకంటె ఎర్రగున్నడు గదనే. ఎట్ల పోల్చుకున్నవ్?"

అందరం పడీ పడీ నవ్వాం. ఆమె కూడా నవ్వింది, నన్ను క్షమించింది ఆ రోజేననుకుంటాను. ఖర్జూరం డబ్బా నా చేతిలో పెట్టింది. వెళ్లిపోతూ ఆయన గుమ్మం దగ్గర ఆగాడు. మూలకు నిలబెట్టిన చెక్కపెట్టె వైపు చూశాడు. అప్పుడు ఆయన ముఖంలో నవ్వు లేదు.

"మనిషి మంచిగున్నడు మేడం," అన్నాడు. "గా పెట్టె మాత్రం మార్చుండ్రి."

తెల్లవారగానే వడ్లాయనను పిలిపించి దాన్ని విప్పించాను. ఆ పలకలతో క్లాసుకు ఒక బెంచీ చేయించాను. మా మనిషి అప్పటి నుంచి గోనెసంచీలో, కాళ్లు బయటికి కనబడేటట్టు, బొమ్మలాగే ప్రయాణం చేశాడు.